వెనక సీటు

మా కారు సీట్లు లేత గోధుమ రంగువి. సెకండ్ హ్యాండ్‌లో కారు కొనేటప్పుడు నల్ల సీట్లది కూడా ఒకటి చూపించారు. ఒమన్ ఎండకు నల్ల సీటు పెనంలా కాలుతుందని, లేత రంగే కావాలని పట్టుబట్టింది నేనే. "మాపు తెలుస్తుంది, ఆలోచించుకో" అన్నారు మా వారు. "నేను తుడుచుకుంటాలెండి" అన్నాను.

అప్పుడు మేం అల్ ఖౌద్‌లో, యూనివర్సిటీకి పోయే దారిలో, కింద లాండ్రీ ఉన్న ఒక బిల్డింగ్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆయన మబేలాలో ఇళ్ళు కట్టే కంపెనీలో సైట్ ఇంజనీరు. నేను స్కూల్లో చిన్న తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. ఏడో నెల వచ్చాక సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను.

ఆ మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. కడుపు ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంది. లేచి నిలబడేసరికి కాళ్ళ వెంట రక్తం. ఆయనకు ఫోన్ చేశాను. తల మీద హెల్మెట్ కూడా తీయకుండా సైట్ నుంచి వచ్చారు. లిఫ్టులో కిందికి దించి, వెనక సీటు మీద రెండు టవళ్ళు పరిచి పడుకోబెట్టారు. ఎండలో నిలబెట్టిన కారు. సీటు వేడి వీపుకు తగులుతోంది. పైకప్పు గుడ్డకు సన్నటి చుక్కలుంటాయి. దారంతా వాటినే చూశాను. రౌండబౌట్ దగ్గర కారు వాలినప్పుడల్లా తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాను. 

ఆస్పత్రిలో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. మెలకువ వచ్చేసరికి ఆయన మంచం పక్కన కుర్చీలో ఉన్నారు. కాళ్ళకు సైట్ బూట్లే.

"పాప" అన్నారు. కాసేపాగి, "లేదు" అన్నారు.

ఆ ఆగిన కాసేపూ నాకు కూతురు పుట్టిందనే అనుకున్నాను.

మలయాళీ నర్సు ఒకామె వచ్చి, పాపను చూస్తారా అని మెల్లగా అడిగింది. తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ తెలియదు. అడిగిన దానికి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి ఊపినట్టున్నాను. మర్నాడు ఆయనా, ఆయన ఆఫీసులోని స్నేహితులిద్దరూ పాపను తీసుకెళ్ళి పూడ్చిపెట్టి వచ్చారు. ఆయన స్నానం చేసి, తల కూడా సరిగ్గా ఆరకుండా వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను ఇడ్లీ తింటున్నాను. తినడం ఆపలేదు.

ఇంటికి ఆయన స్నేహితుడి కారులో వచ్చాం. మా కారు బిల్డింగ్ వెనక దాని చోటులోనే ఉంది. వెనక అద్దాలకు లోపలి నుంచి పాత దుప్పటి అడ్డం కట్టి ఉంది. ఆయన దాని వైపు చూడకుండా నా చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా నడిపించారు.

బాత్రూమ్‌లోకి వెళ్తే బకెట్ కనిపించింది. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ సీసా, పీచు ఉన్నాయి. నేను ఆస్పత్రిలో ఉండగానే ఆయన సీటు కడిగారన్నమాట. ఇక్కడ ఎండాకాలంలో కొళాయి తిప్పితే వచ్చేవి వేడినీళ్ళే. మిద్దె మీది ట్యాంకులు పొద్దస్తమానం కాగుతూనే ఉంటాయి. రక్తం మీద వేడినీళ్ళు పడితే మరక పట్టేసుకుంటుందని పెద్దమనిషైన ఏ ఆడపిల్లకైనా తెలుసు. ఆయనకు ఎవరు చెప్తారు? బకెట్ బోర్లించి, సీసా తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను. ఆ సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు.

తర్వాత పాలు వచ్చాయి. వాటికి ఎవరూ చెప్పలేదు కదా, పాప లేదని. డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుని, గుడ్డ బిగించి కట్టుకుని పడుకునేదాన్ని. కొన్నాళ్ళకు అవే ఇంకిపోయాయి.

అమ్మ ఫోన్‌లో ఏడ్చేది. "నువ్వు కూడా ఏడువమ్మా. అట్టా బిగబట్టుకుంటే మంచిది కాదు" అనేది. నేను "అన్నం తిన్నావా అమ్మా" అని అడిగేదాన్ని. బిగబట్టుకున్నది ఏమీ లేదు. పడకగది గోడ మీద ఏసీ నీళ్ళు కారిన చార ఒకటుండేది. కూర్చుంటే దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. వంట చేసేదాన్ని. ఉప్పు ఎక్కువయ్యేది కాదు, కూర మాడేది కాదు. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పేదాన్ని. చెయ్యి కింద పడేసుకుని నిద్రపోతే లేచాక అది మనది కానట్టు ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. నొప్పి లేదు. ఇది కూడా ఒక రకంగా నయమే అనుకున్నాను.

ఆయన స్నేహితుడి కారులోనే డ్యూటీకి వెళ్ళేవారు. మా కారు కదల్లేదు. మా బిల్డింగ్ వాచ్‌మన్ బంగ్లాదేశ్ అతను. నెలకింతని తీసుకుని పొద్దున్నే అందరి కార్లూ కడిగేవాడు. కదలని మా కారును కూడా రోజూ పైపైన తుడిచేవాడు. సాయంత్రం బాల్కనీలోంచి చూస్తే, తిరిగొచ్చి దుమ్ము పట్టిన కార్ల మధ్య అదొక్కటే తళతళలాడుతూ ఉండేది.

ఒకరోజు అతను పైకి వచ్చి బెల్లు కొట్టాడు. హిందీలో అన్నాడు. "మేడమ్, కారు స్టార్ట్ చేయకుంటే బ్యాటరీ పోతుంది. లోపల్నుంచి వాసన కూడా వస్తోంది. లాండ్రీ వాళ్ళు నన్ను అడుగుతున్నారు."

ఆ రోజు ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పాను.

"అమ్మేద్దాం" అన్నారు.

"అమ్మాలన్నా లోపల శుభ్రం చేయించాలి కదండీ."

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు. చాలాసేపు కలిపారు. "నేను ఆ డోరు మళ్ళీ తీయలేను" అన్నారు.

"నేను తీసుకెళ్తాలెండి" అన్నాను. అందులో కష్టమేమీ కనబడలేదు నాకు. గ్యాస్ సిలిండర్ తెప్పించడం, కరెంటు బిల్లు కట్టడం లాంటిదే ఇదీ అనుకున్నాను.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ పక్క కారు బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి మా కారు స్టార్ట్ చేసి ఇచ్చాడు. తలుపు తీయగానే వాసన ముఖానికి కొట్టింది. తుప్పు, పాచిపోయిన సబ్బునీళ్ళు కలిసిన వాసన. అద్దాలన్నీ దించి, వెనక్కి చూడకుండా మబేలా దాకా నడిపాను. ఆపరేషన్ కుట్లు మానాయి కానీ స్పీడు బ్రేకర్ల మీద పొత్తికడుపు లాగేది. వేడిగాలి జుట్టంతా లేపేస్తోంది.

అక్కడి ఇండస్ట్రియల్ ఏరియాను అందరూ సనయ్యా అంటారు. టైర్ల షాపులు, ఏసీ రిపేర్లు, సీట్లు కుట్టేవాళ్ళు వరసగా ఉంటారు. కారు లోపలి భాగం శుభ్రం చేస్తామని బోర్డున్న ఒక షెడ్డు ముందు ఆపాను. నలభై దాటిన మనిషి ఒకతను, మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, చెప్పుల్లేకుండా వచ్చాడు. హిందీలో ఏం చేయాలని అడిగాడు. అంతలో మా వారు ఫోన్ చేశారు. "వచ్చేశానండీ, షాపు దగ్గరే ఉన్నా" అని పెట్టేశాను.

"తెలుగోళ్ళా మేడం?" అన్నాడు అతను. "మాది రాయచోటి పక్కన పల్లె. ఇంట్లో మేం తురకం మాట్లాడుకుంటాం గానీ, ఊర్లో అంతా తెలుగే."

"మాది నెల్లూరు" అన్నాను.

వెనక తలుపు తీశాడు. దుప్పటి పక్కకు తీసి, వంగి చూశాడు. మరక సీటు సగం మేర ఉంది. మధ్యలో నల్లగా, అంచుల్లో ఇటుకరంగుగా. దాని చుట్టూ సబ్బు ఎండిపోయిన తెల్ల చారలు.

"ఏం మరక మేడం ఇది? తెలిస్తే దానికి తగ్గ మందు పోస్తా."

"రక్తం."

"యాక్సిడెంటా?"

"కాదు. ఏడో నెల నాకు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే."

అతని చేతిలో తుడిచే గుడ్డ ఉంది. దాన్ని నాలుగు మడతలు వేసి, మళ్ళీ విప్పాడు. "బిడ్డ?" అన్నాడు.

"లేదు."

అతను లోపలికి పోయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నీడలో వేసి, స్టాండు ఫ్యాను నా వైపు తిప్పాడు. "ఓనర్ రూంలో ఏసీ ఉంది మేడం, అక్కడ కూర్చుంటారా? ఇది చూసేది ఎందుకు మీరు?" అన్నాడు. ఇక్కడే ఉంటానన్నాను. చూడాలని కాదు. లేచి ఇంకో చోటికి నడవాలనిపించలేదు.

వెనక సీటు కింది భాగం ముందు నుంచి పైకి లాగితే ఊడి వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. అతను దాన్ని ఊడదీసి బయట బల్ల మీద పెట్టాడు. సీటు కింద ఇసుక, పల్లీ పొట్టు, తలకు పెట్టుకునే పిన్నులు. మరక మీద వేలు ఆనించి, "వేడినీళ్ళు పడినట్టుండాయే దీని మీద" అన్నాడు.

"అవును. మా వారు కడిగారు."

తల ఊపాడు. షెడ్డు కొళాయి వైపు పోకుండా, తాగేనీళ్ళ కూలర్ దగ్గరికి పోయి బకెట్ పట్టుకొచ్చాడు. ముందు ఏదో మందు చల్లి, గుడ్డతో అద్ది అద్ది తీశాడు. రుద్దలేదు. తర్వాత చల్లనీళ్ళు చిమ్మి, చిమ్మినవాటిని వెంటనే లాగేసే మెషిన్ పెట్టాడు. దానికొక తెల్లటి డబ్బా ఉంది. లాగిన నీళ్ళు అందులోకి వచ్చి పడుతున్నాయి. మొదట చిక్కటి గోధుమరంగు, తర్వాత డికాషన్ రంగు. ఆ డబ్బాలోకి చూస్తూ కూర్చున్నాను. అవి నా ఒంట్లోంచి వచ్చినవని తెలుసు. తెలిసిందే గానీ, ఏమీ అనిపించలేదు. పక్క షాపులో ఎవరో టైరు గాలి తీస్తున్నారు. ఆ చప్పుడు ఆగితే బాగుండుననిపించింది, అంతే.

డబ్బా నిండింది. అతను మెషిన్ ఆపి, డబ్బా ఊడదీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. షెడ్డు ముందు మురుగునీళ్ళు పోయే కాలవ ఉంది. పొద్దున్నుంచీ కడిగిన కార్ల నీళ్ళన్నీ అందులోకే పోతున్నాయి.

"ఈ నీళ్ళు ఏం చేద్దాం మేడం?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "పారబోయండి" అన్నాను.

"కాలవలో పోసేదానికి చేతులు రావట్లేదు మేడం" అన్నాడు. నా వైపు చూడకుండా, కాలవ వైపు చూస్తూ అన్నాడు. "ఎనక యాపచెట్టు ఉంది. ఆడ పోస్తే మీకేమన్నా అభ్యంతరమా?"

లేదన్నాను. అతను నడిస్తే వెంట నడిచాను. షెడ్డు వెనక, పాత బంపర్లు, ఊడిన తలుపులు గుట్టగా పడేసిన చోట, గోడ వారగా చిన్న వేపచెట్టు ఉంది. ఎవరో పాదు చేశారు. అతను గొంతుక్కూర్చుని, నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించకుండా పాదు చుట్టూ మెల్లగా పోశాడు. పెదాలు కదిలించి ఏదో చదువుకున్నాడు. ఇసుక నీళ్ళను వెంటనే పీల్చేసింది. నేను ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులతోనే వచ్చాను. పాదాల పక్కల నుంచి వేడి ఇసుక కాలుతోంది. అలాగే నిలబడ్డాను. దణ్ణం పెట్టాలా, ఏమైనా అనాలా, తోచలేదు. అతను లేచి, మోకాళ్ళు దులుపుకుని, "పోదాం రాండి" అన్నాడు. ఆస్పత్రిలో నర్సు అడిగినప్పుడు నేను వద్దని తల ఊపిన పాప దగ్గరికి, నన్ను అడిగి తీసుకెళ్ళింది ఒక రకంగా ఈ మనిషే. ఆ మాట మాత్రం చాలా రోజుల తర్వాత తోచింది నాకు.

ఆ తర్వాత డబ్బా నిండిన ప్రతిసారీ అతనే వెనక్కి వెళ్ళి పోసి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేవలేదు.

మిగతా కారంతా కూడా శుభ్రం చేశాడు. పైకప్పు గుడ్డను తడపలేదు. తడిస్తే లోపలి జిగురు ఊడి జారిపోతుందట. నురగ అద్ది తీశాడు. డ్యాష్‌బోర్డుకు ఎండ తగలకుండా ఏదో పూస్తూ, "మెరిసేది పూయను మేడం, ఎండకి అద్దంలో కొట్టి దారి కనపడదు. ఇది మెరవదు, గానీ ప్లాస్టిక్ పగలకుండా కాపాడతాది" అన్నాడు. సెంటు డబ్బా పెట్టమంటారా అని అడిగితే వద్దన్నాను. సీటు స్పంజి లోపలిదాకా ఆరాలి, ఇక్కడే వదిలిపెట్టి పోండి అన్నాడు. టాక్సీలో ఇంటికి వచ్చాను.

కారు తీసుకోవడానికి ఆయన కూడా వస్తానన్నారు. రమ్మనలేదు నేను, వద్దనలేదు. షెడ్డు ముందు కారు నాలుగు తలుపులూ తెరిచి పెట్టి ఉంది. ఆయన దూరంగా ఆగిపోయి, జేబులో తాళాలు లేకపోయినా వెతుక్కున్నారు. తర్వాత మెల్లగా వెళ్ళి వెనక తలుపు పట్టుకుని లోపలికి చూశారు. మరక పోయింది గానీ పూర్తిగా పోలేదు. టీ ఒలికి ఆరిపోయినట్టు లేతగా ఒక నీడ ఉంది.

"అన్నా, ఇది ఎందుకు పోలేదు?" అని అడిగారు ఆ రాయచోటి అతన్ని. "నేను ఆ రోజే కడిగానే. సబ్బు వేసి, శుభ్రంగా."

అతను ఒకసారి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"మీరు కడిగినారు కాబట్టే ఈ మాత్రమన్నా పోయిందన్నా" అన్నాడు. "ఆ రోజు కడక్కుండా వదిలేసి ఉంటే సీటే మార్చాల్సొచ్చేది. మంచి పని చేసినారు."

ఆయన సరేనన్నట్టు తల ఊపారు. భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఇంటికి పోతున్నప్పుడు ఆయనే నడిపారు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. ఏసీ వేస్తే గాలిలో ఏ వాసనా లేదు.

అమ్మకానికని ఫోటోలు తీసి పెట్టాం. ఒక ఒమానీ కుర్రవాడు, యూనివర్సిటీలో చదివేవాడు, అన్నతో కలిసి చూడ్డానికి వచ్చాడు. ఇంజను చూశాడు, టైర్లు చూశాడు. వెనక తలుపు తీసి కూర్చుని, పైకి కిందికి ఊగి, సీటు మెత్తగా ఉందన్నాడు. అన్న ఆ నీడ చూసి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

"టీ" అన్నారు మా వారు. ఆ మాట అని పక్కకు వెళ్ళి నిలబడ్డారు. వాళ్ళు ధర అడుగుతుంటే, ఆలోచించి చెప్తామని నేనే చెప్పి పంపించాను. లిఫ్టు కోసం నిలబడి ఉన్నప్పుడు, "అమ్మబుద్ధి కావట్లేదు" అన్నారు ఆయన. "ఉంచుకుందాం" అన్నాను. అమ్మినా నాకు ఒకటే, ఉంచుకున్నా ఒకటే.

సీట్లకు కవర్లు కుట్టించడానికి మళ్ళీ మబేలా వెళ్ళాం. బూడిదరంగు గుడ్డ ఎంచుకున్నారు ఆయన. ఎండ పడకుండా ముందు అద్దానికి మడిచే అట్ట ఒకటి కొన్నారు. చిన్న వ్యాక్యూమ్ మెషిన్ కొన్నారు. శుక్రవారం సెలవు. ఎండ ముదరకముందే కిందికి దిగి ఇద్దరం కారు లోపల శుభ్రం చేయడం అలవాటైంది. ఎవరు మొదలుపెట్టారో చెప్పలేను. ఇంట్లో ఎదురెదురుగా కూర్చోవడం కన్నా అది సులువుగా ఉండేదేమో. తలుపులన్నీ తెరిచి, ఆయన కింద ఇసుక లాగేవారు. నేను తడి గుడ్డతో డ్యాష్‌బోర్డు, తలుపుల లోపలి వైపు తుడిచి, మెరవని ఆ లిక్విడ్ రాసేదాన్ని. ఏసీ సందుల్లో దుమ్ము పెయింటింగ్ బ్రష్‌తో దులిపేదాన్ని. ఇక్కడి దుమ్ము పిండిలా ఉంటుంది. ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ ఉంటుంది. తుడవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది.

నేను స్కూలుకు తిరిగి వెళ్ళాను. చలికాలం వచ్చింది. అలాంటి ఒక శుక్రవారం ఆయన వ్యాక్యూమ్ ఆపేశారు. ఆయన వెనక సీటు వైపు, నేను ముందు సీటు వైపు ఉన్నాం. మధ్యలో సీట్ల వీపులు.

"ఆ రోజు నొప్పి బాగా ఉండిందా?" అన్నారు. "నేను వెనక్కి చూడలేదు. అద్దంలో కూడా చూడలేదు. చూస్తే కారు ఆపేస్తానని."

"మీరు చూస్తే కారు ఎవరు నడుపుతారు" అన్నాను. "నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. అంత నొప్పి తెలియలేదు."

 వ్యాక్యూమ్ గొట్టం ఆయన చేతిలోనే ఉంది. నేను బ్రష్ పక్కన పెట్టాను. అనుకుని అడిగింది కాదు, నోటి నుంచి అదే వచ్చింది.

"ఎట్టా ఉండింది?"

ఎవరి గురించో ఆయన అడగలేదు.

"జుట్టు బాగా ఉండింది" అన్నారు. "నీ జుట్టులా కాదు. మా అమ్మకి మల్లే, ఉంగరాలు."

"ఇంకా?"

"గోళ్ళుండాయి. ఇంతింత." బొటనవేలి కొస చూపించారు, సీట్ల మధ్య నుంచి. "నుదురు నీదే."

"ఒళ్ళు చల్లగా ఉండిందా?"

"నా చేతులే చల్లగా ఉండాయి. నాకు తెలీలేదు."

 వాచ్‌మన్ అవతల కారు కడుగుతూ మా వైపు చూసి, మళ్ళీ తన పనిలో పడ్డాడు. నా కళ్ళలో నీళ్ళు వచ్చాయని చెప్తే బాగుంటుంది గానీ, రాలేదు. ముందు సీటు వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆయన అవతల్నుంచి ఆ చేతి మీద తన చెయ్యి పెట్టారు. ఇసుక అంటిన చెయ్యి, గరగరలాడుతూ. ఆ గరుకు మాత్రం బాగా తెలిసింది.

ఎండ ఎక్కింది. వైరు చుట్టి, తలుపులు మూసి పైకి వెళ్ళాం. ఆయన ఉల్లిపాయలు కోశారు, నేను పప్పు పెట్టాను. తింటున్నప్పుడు పాప చెవుల గురించి ఒక మాట చెప్పారు. తర్వాతి వారం, కారు తుడుస్తుండగా, ఇంకొకటి చెప్పారు. అన్నీ ఒకేసారి అడగలేదు నేను. చెప్పడానికి ఆయన దగ్గర కూడా ఎక్కువ లేవు.